కాన్వెంటు వాళ్ళ డీజిలు కారు

కోల్మన్ హెస్లిన్ అంటే నాకు గిట్టదు. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత ఎవరూ నన్ను తప్పుపట్టనక్కర్లేదు. ఇరవై మూడేళ్ళుగా లీట్రిమ్ జిల్లాలోని మా క్లూన్‌బెగ్ ఊరికి ఉత్తరాలు పంచుతున్నాను. నా దారిలో నూట పదహారు గుమ్మాలున్నాయి. వాటిలో కుక్క కరిచే గుమ్మాలు నాలుగు. మనిషి కరిచేది ఒక్కటే, అది కోల్మన్‌ది.

ఆయన జిల్లా కౌన్సిల్లో రోడ్డు రోలరు నడిపేవాడు. పొడుగ్గా, శుభ్రంగా ఉంటాడు, తారు పనికి కూడా టై కట్టుకుని వెళ్ళేవాడు. ఉత్తరం ఆలస్యమైతే నాదే తప్పు, వాన పడితే వాతావరణం చెప్పేవాడిదే తప్పు, రొట్టె మాడితే పెళ్ళాందే తప్పు. తనది మాత్రం ఏ రోజూ ఏ తప్పూ ఉండేది కాదు. ఆ పెళ్ళాం ఊనా నాతో బళ్ళో చదువుకున్నది. ఇద్దరు ఆడపిల్లలు. ఊనాకి అమ్మా నాన్నా పోయాక పుట్టింటి వైపు మిగిలింది అన్న మాలకీ డోలన్ ఒక్కడే. పెళ్ళి చేసుకోలేదు. నాలుగు రోడ్ల కూడలిలో తండ్రి వదిలిన గ్యారేజీ నడుపుకుంటూ దాని వెనకే కాపురముండేవాడు. ఊనా ఇంటికి అక్కడి నుంచి మైలున్నర. ప్రతి ఆదివారం పూజ అయ్యాక చేతులు రెండుసార్లు కడుక్కుని చెల్లెలింటికి భోజనానికి వచ్చేవాడు. గోళ్ళ కింద గ్రీజు మాత్రం వదిలేది కాదు. ఊనా దాన్ని చూసి ఏమీ అనేది కాదు, కోల్మన్ ప్రతివారం అనేవాడు.

రెండువేల పదకొండు సెప్టెంబరులో ఒక ఆదివారం ఊనా నన్ను కూడా భోజనానికి పిలిచింది. అందుకే ఆ రోజు జరిగింది నేను ఎవరో చెప్పగా విన్నది కాదు. కోల్మన్ పాత పెట్రోలు కారు తుప్పు పట్టి సర్కారు వాళ్ళ బండి పరీక్షలో తప్పింది. కొత్తది కొనే స్తోమత లేదు, వాడిన కారు ఒకటి చూస్తున్నాడు.

"డీజిలే తీసుకుంటున్నా," అన్నాడు, బంగాళాదుంపల గిన్నె తనవైపు లాక్కుంటూ. "బుద్ధున్న ప్రతివాడూ అదే తీసుకుంటున్నాడు. పొగని బట్టి పన్ను వేసే కొత్త లెక్క వచ్చాక డీజిలుకి రోడ్డు పన్ను ఏడాదికి నూట యాభై చిల్లర. నా పాత డొక్కుకి ఐదొందల పైన కట్టా."

"ఏడాదికి ఎన్ని మైళ్ళు తిరుగుతావు?" అడిగాడు మాలకీ.

"నాకు కావలసినన్ని."

"నాలుగు వేలు. పోయినేడు నా దగ్గరికి తెచ్చినప్పుడు మీటరు చూశా. పిల్లల బడి మైలు. చర్చి మైలున్నర. కొట్టు రెండు మైళ్ళు. డీజిలు ఇంజిను వేడెక్కేలోపు నువ్వు ఇంటికొచ్చి టీ తాగుతుంటావు."

"తాగితే?"

"తాగితే మసి. ఇప్పుడొచ్చే డీజిలు బళ్ళకి పొగగొట్టంలో ఒక ఫిల్టరు పెడుతున్నారు. మసినంతా అది పట్టి ఉంచుతుంది. బండి బాగా వేడెక్కి, పెద్ద రోడ్డు మీద అరగంట గట్టిగా పరిగెడితే అదంతా కాలిపోతుంది. పరిగెత్తకపోతే లోపలే పేరుకుంటుంది. మీ వంటింటి పొయ్యిలో ఏడాదంతా తడికట్టెలు పెట్టి గొట్టం తుడవకుండా వదిలేస్తే ఏమవుతుంది? అదే. పెట్రోలు తీసుకో, కోల్మన్. పన్ను ఎక్కువైతే అయింది. నీ తిరుగుడుకి అదే చవక. ఊనా కూడా హాయిగా కొట్టుకెళ్ళొస్తుంది."

ఇంతవరకూ మాలకీ మామూలుగానే మాట్లాడాడు. ఎవరైనా తనకు తెలిసిన పనిని అలాగే చెబుతారు. కోల్మన్ ముళ్ళగరిట పక్కన పెట్టాడు.

"నీకు బాగుచేయడం వచ్చింది పెట్రోలు బళ్ళే. అందుకని ఊరంతా పెట్రోలే కొనాలి. నీ కడుపు నింపడానికి నేను కారు కొనాలా?"

"నీకు నడపడం వచ్చింది రోడ్డు రోలరు. ఇరవై ఎనిమిదేళ్ళలో నాలుగు మైళ్ళ వేగం దాటని మనిషి నాకు ఇంజిన్లు నేర్పుతున్నాడు, విన్నావా డీలియా!"

నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. ఊనా పెద్ద కూతురు కూడా నవ్వింది, అది ఇంకా ఘోరం. కోల్మన్ లేచి, తలుపు వెనక కొక్కేనికున్న మాలకీ టోపీ తీసి అతని ఒళ్ళో పడేశాడు.

"లే. నా బల్ల దగ్గర నా తిండి తింటూ నన్నే ఎగతాళి చేస్తావా? ఇంకోసారి ఈ గుమ్మం తొక్కావంటే కుక్కని వదుల్తా."

మాలకీ లేచాడు. చెల్లెలి వైపు చూశాడు, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆపిల్ పళ్ళతో కాల్చిన తీపి రొట్టె అతనికి ఇష్టం. ఊనా దాన్ని గుడ్డలో చుట్టి వెనకాలే పరిగెత్తబోయింది. "వెళ్ళావో, అటే పో," అన్నాడు కోల్మన్. ఆమె గడప దగ్గర ఆగిపోయింది. ఆ ఆగిపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఆ రోజు నుంచి ఊనా కోరుకున్నది ఒక్కటే. అన్న మళ్ళీ ఆదివారం వచ్చి తన బల్ల దగ్గర కూర్చోవాలి.

మర్నాటికే కోల్మన్ లాంగ్‌ఫర్డ్ అవతల ఒక వాడిన కార్ల వ్యాపారి దగ్గర బండి చూసుకున్నాడు. బూడిద రంగుది, డీజిలుది, మూడేళ్ళది, మీటరు మీద మూడు వేల మైళ్ళే. మూతపడిన ఒక కాన్వెంటు వాళ్ళది, అంటే సన్యాసినుల మఠం వాళ్ళది. మా వైపు పాత కారు అమ్మేవాడు 'కాన్వెంటు వాళ్ళది' అన్నాడంటే ఇక బేరం ఉండదు, కొనేవాడు మా ఆనవాయితీ ప్రకారం చేతిలో ఉమ్మేసుకుని చెయ్యి కలిపి బేరం ఖాయం చేసేస్తాడు. సిస్టర్లు సిగరెట్లు కాల్చరు, కుక్కల్ని ఎక్కించుకోరు, తాగి గోడలకు గుద్దరు, వేగంగా నడపరు. ప్రతి రసీదూ దాచి పెడతారు. ఆ కారు రోజూ కాన్వెంటు నుంచి పక్క వీధి చర్చికీ, చర్చి నుంచి రొట్టెల కొట్టుకీ తప్ప ఎటూ వెళ్ళలేదని వ్యాపారి గొప్పగా చెప్పాడట. కోల్మన్ అంతకంటే గొప్పగా ఊరంతా చెప్పాడు. సీట్లకు ఇంకా మైనపు వాసన పోలేదన్నాడు, అద్దానికి జపమాల వేలాడిన గీత కూడా ఉందన్నాడు. మాలకీకి ఉత్తరాలివ్వడానికి వెళ్ళినప్పుడు ఈ సంగతి చెప్పాను. అతను పానా తుడుస్తూ విన్నాడు.

"పాపం ఆ బండి, పుట్టినప్పటి నుంచి ఒక్కసారైనా వేడెక్కిందో లేదో," అన్నాడు. "మూడు వేల మైళ్ళూ మసే. పదేళ్ళు డబ్లిన్‌కీ స్లైగోకీ మధ్య తిరిగిన బండి కొనుక్కున్నా ఇంతకంటే నయం. డీలియా, ఈ మాట వాడికి చేరవెయ్యకు."

చేరవెయ్యలేదు. నవంబరులో కోల్మన్‌కి దాని అవసరం లేకుండానే తెలిసొచ్చింది. కారులో నారింజ రంగు లైటు వెలిగింది. వెలిగింది ఆరలేదు. ఎత్తు ఎక్కేటప్పుడు బండి దమ్ము పట్టినట్టు ఆయాసపడేది. కూడలిలో ఉన్న బావమరిది రెండు నిమిషాల్లో సంగతి చెప్పేవాడు. కానీ మాలకీ ముందు ఆ కారు మూత ఎత్తడం కంటే కోల్మన్ దాన్ని షానన్ నదిలో తోసేయడానికైనా ఒప్పుకునేవాడు. లాంగ్‌ఫర్డ్ దాకా పోయి అక్కడ ఒక మెకానిక్‌కి చూపించుకున్నాడు. వాడూ మాలకీ చెప్పిందే చెప్పాడు. వారానికి ఒకటి రెండుసార్లు పెద్ద రోడ్డు మీద అరగంట ఆపకుండా తోలమన్నాడు. లేదంటే ఫిల్టరు మొత్తం మార్చాలి, దానికి కారు ధరలో మూడో వంతు ఖర్చు.

ఇక్కడే కోల్మన్‌కి చిక్కొచ్చింది. మా ఊళ్ళో ఏ మనిషీ ఊరికే కారు తీసి అరగంట వెళ్ళి అరగంట తిరిగి రాడు. వెళ్తే ఎందుకని అడుగుతారు. పని లేకుండా చమురు తగలేస్తున్నాడంటే రెండో రోజుకే డీజిలు సంగతి బయటికొస్తుంది, మూడో రోజు కూడలిలో మాలకీ చెవిన పడుతుంది. ఎవరూ ఎందుకని అడగని ప్రయాణం మా దేశంలో ఒకటే ఉంది. చావుకి వెళ్ళేవాణ్ణి ఎవరూ ఆపరు. రేడియోలో పొద్దున తొమ్మిదింటి వార్తలయ్యాక ఎవరు పోయారో, శవాన్ని ఎక్కడ ఉంచారో, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా చూడొచ్చో చదువుతారు. నీకు తెలిసినవాడా కాదా అని గుమ్మంలో నిలబడి ఎవరూ పరీక్ష పెట్టరు. వరసలో నిలబడతావు, కుర్చీల్లో కూర్చున్న వాళ్ళ బంధువులకి చెయ్యిస్తావు, "మీకొచ్చిన కష్టానికి బాధగా ఉంది" అంటావు. వాళ్ళు "వచ్చినందుకు సంతోషం, చాలా దూరం నుంచి వచ్చారా?" అంటారు. "అబ్బే, ఎంతో దూరం కాదు" అంటావు. పుస్తకంలో సంతకం పెట్టి, టీ తాగి, పంది మాంసం పెట్టిన రొట్టె ఒకటి తిని వచ్చేస్తావు.

కోల్మన్ రోజూ తొమ్మిదింటికి రేడియో దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాడు. దగ్గర చావులు పనికిరావు. కారిక్‌లో ఎవరైనా పోతే పెదవి విరిచేవాడు, పన్నెండు నిమిషాల దారి. లాంగ్‌ఫర్డ్ అయితే ఫరవాలేదు. అథ్లోన్ మంచిదే. కోలూని అనే ఊరు దాటాక రోడ్డు విశాలంగా ఉంటుంది కాబట్టి స్లైగోలో చావంటే అన్నిటికంటే ఇష్టం. సాయంత్రం పని దిగి, నల్ల టై కట్టుకుని బయల్దేరేవాడు. ఊనాకు మాత్రం రోలరు మీద కలిసి పనిచేసినవాళ్ళనీ, వాళ్ళ తండ్రులనీ ఏదో ఒకటి చెప్పి కారిక్ దాకానే వెళ్ళొస్తున్నాననేవాడు. ఊరివాళ్ళు ఈయనకు భక్తి ముదిరిందనుకున్నారు. ఫాదరు ఒక ఆదివారం ప్రసంగంలో పేరు చెప్పకుండా మెచ్చుకున్నాడు. నేనూ నమ్మేదాన్నే, జనవరిలో లాంగ్‌ఫర్డ్‌లో మా పిన్ని పోకపోయి ఉంటే.

పిన్నికి పిల్లల్లేరు. శవపెట్టె పక్కన కుర్చీలో కూర్చుని నేనే అందరికీ చెయ్యిస్తున్నాను. ఏడ్చి ఏడ్చి కళ్ళు మసకలుగా ఉన్నాయి. ఒక పొడుగాటి చెయ్యి నా చేతిని పట్టుకుని, బాగా అలవాటు పడిన గొంతుతో, "మీకొచ్చిన కష్టానికి బాధగా ఉంది," అంది. తలెత్తి చూస్తే కోల్మన్. ఆయన మొహం పాలిపోయింది.

"మా పిన్ని నీకెలా తెలుసు?" అన్నాను.

"విన్నాను... మంచి మనిషని."

"మంచి మనిషేం కాదు. ఎవరు చెప్పారు?"

వరస కదిలిపోతోందని వెళ్ళిపోయాడు. నేను కుర్చీ వదిలి వెనకే వెళ్ళాను. కారు బయట ఇంజిను ఆపకుండానే ఉంది. తలుపు తీస్తే ఆ నారింజ లైటు నాకు కనపడింది. మాలకీ మాటలు గుర్తొచ్చాయి, అన్నీ ఒక్కసారి కలిశాయి.

"సిగ్గులేదూ! మా పిన్ని శవం దగ్గరికి నీ పొగగొట్టం తుడుచుకోడానికొచ్చావా?"

"అరవకు. నీకు దణ్ణం పెడతా, అరవకు. ఊనాతో అన్నావంటే మాలకీకి తెలుస్తుంది. వాడికి తెలిస్తే నేనీ ఊళ్ళో తలెత్తుకోలేను."

కోల్మన్ హెస్లిన్ నాకు దణ్ణం పెట్టడం! పాపిష్టిదాన్ని, నాకు ఆ మాట తీపిగా అనిపించింది. మెకానిక్ చెప్పిన దగ్గర్నుంచి అన్నీ కక్కించి, చూద్దాంలే అన్నాను. తర్వాత ఎవరికీ చెప్పలేదు. ఆయన గుట్టు నా చేతిలో ఉండటం నాకు బాగానే ఉంది. ఫిబ్రవరి నుంచి ఇంకో సంగతి మొదలైంది. చావింటివాళ్ళు నెలా రెండు నెలలకి, వచ్చినవాళ్ళందరికీ కృతజ్ఞతగా కార్డులు పంపుతారు, మీద పోయినవాళ్ళ ఫొటో, లోపల రెండు ముక్కలు. కోల్మన్ సంతకాల పుస్తకాల్లో ఊరుతో సహా విలాసం రాసినట్టున్నాడు, అలవాటు. నల్ల అంచు కవర్లు వరసగా రావడం మొదలైంది. గేటు దగ్గర నన్ను కాపుకాసేవాడు.

"అవి నాకే ఇవ్వు. ఉత్తరాల పెట్టెలో వెయ్యకు."

ఇచ్చేదాన్ని. ఏప్రిల్ నాటికి పదకొండు ఇచ్చాను. ఇప్పుడు తలచుకుంటే ఆ పదకొండుకీ నా చేతిని నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఎందుకంటే ఆ జనవరి చివర్లోనే మాలకీ పడిపోయాడు. ఊపిరితిత్తులు. నలభై ఏళ్ళ గ్యారేజీ పొగ అన్నారు. స్లైగో ఆస్పత్రిలో చేర్చారు. నేను ఆ ఊరికి వెళ్ళిన రెండుసార్లూ చూసొచ్చాను, మనిషి సగమయ్యాడు. ఊనా వెళ్తూనే ఉందనుకున్నాను. నేను వెళ్ళిన రోజు కాకుండా వేరే రోజు వచ్చి ఉంటుందనుకున్నాను. మాలకీని అడగలేదు. అతను కూడా చెల్లెలి గురించి ఏమీ అనలేదు, పరువు.

ఏప్రిల్ రెండో వారంలో ఒక మంగళవారం, పట్టపగలే చీకటి పడినట్టు వాన. కొట్టు రోడ్డు మీద ఊనా రెండు చేతుల్లో సంచులతో నడిచి వస్తోంది. బండి ఆపాను.

"ఇంత వానలో ఇదేంటే? కారేదీ?"

"నన్ను తీయొద్దన్నాడు. నేను మెల్లగా నడుపుతానట, నేను నడిపితే బండి పాడైపోతుందట." నవ్వింది కానీ అది నవ్వు కాదు. "సరేలే. అది కాస్త బాగైతే చాలు. కారిక్ దాటి పోలేదంట ఇప్పుడు, ఎత్తు ఎక్కట్లేదంట. బాగవగానే శనివారం స్లైగో తీసుకెళ్తానన్నాడు."

"ఏ శనివారం?"

"ఈ శనివారం. జనవరి నుంచీ అంటున్నాడు." సంచి చెయ్యి మార్చుకుంది. "బస్సులో పోవచ్చులే డీలియా. పోతే ఊరంతా ఏమంటారు, మొగుడు తీసుకెళ్ళట్లేదనేగా. ఇద్దరం కలిసి వెళ్ళాలి. అక్కడ మంచం దగ్గర ఆయన మాలకీకి చెయ్యి ఇవ్వాలి. నాకు అదొక్కటి జరిగితే చాలు. అన్నయ్య ఇంటికొచ్చాక మళ్ళీ ఆదివారాలు వస్తాడు."

నా ఒళ్ళోని సంచిలో ఆ రోజు పన్నెండో కార్డు ఉంది. స్లైగో ముద్ర ఉంది. విలాసం చూశాను. 'శ్రీ కోల్మన్ హెస్లిన్, కుటుంబ సభ్యులకు' అని ఉంది. ఊనా కుటుంబ సభ్యురాలే. ఉద్యోగ నియమం ప్రకారం నేను చేసింది తప్పు కాదు. కానీ నేను ఇచ్చింది నియమం కోసం కాదు. ఆయన మీద మంటతోనే. కవరు ఊనా చేతిలో పెట్టాను.

"ఇదేంటి?"

"విప్పు."

వానకు తడవకుండా నా బండిలోకి తల పెట్టి విప్పింది. ఫొటోలో ఎవరో ముసలాయన, బెర్నీ స్కాన్లన్ అట, రొట్టెలు కాల్చేవాడు. లోపల ఆయన కూతురు చేత్తో రాసింది: 'ఫిబ్రవరి ఇరవై ఐదున అంత వానలో క్లూన్‌బెగ్ నుంచి వచ్చి మా నాన్న దగ్గర నిలబడ్డారు. మీరు ఆయన్ని ఎలా ఎరుగుదురో అడగలేకపోయాం. మేము ఆస్పత్రి గేటు ఎదురు వీధిలోనే ఉంటాం, ఎప్పుడు ఈ వైపు వచ్చినా టీకి రండి.'

ఊనా రెండుసార్లు చదివింది.

"ఫిబ్రవరి ఇరవై ఐదు," అంది. "ఆ రోజు నేను కోటు వేసుకుని కూర్చున్నా. బండి లేవట్లేదు, నేనొక్కణ్ణే కారిక్ దాకా తోసుకుపోయి చూపించుకొస్తానన్నాడు."

"ఒక్కటి కాదే. ఇది పన్నెండోది. మిగతావి నేనే ఆయన చేతికిచ్చా." మొత్తం చెప్పాను. లైటు, లాంగ్‌ఫర్డ్ మెకానిక్, మా పిన్ని, అన్నీ. ఆ ఫిల్టరు కాలడానికి కావలసింది సరిగ్గా స్లైగో దాకా దూరమని కూడా చెప్పాను. ఊనాని ఎక్కించుకుని వారానికి రెండుసార్లు అన్న దగ్గరికి తీసుకెళ్ళి ఉంటే కారూ బాగుండేది. అది ఆయనకు తెలుసు. తెలిసే ఆ గేటు ముందు నుంచి ఒక్కడే పోయాడు. మాలకీ మంచం మీద నుంచి 'కారు ఎలా ఉంది, కోల్మన్?' అని ఒక్క మాట అడుగుతాడేమోనని భయం.

ఊనా కార్డు మడిచి కోటు జేబులో పెట్టుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. సంచులు రెండూ నా బండిలో పెట్టింది.

"పాలున్నాయి, చెడిపోతాయి. పిల్లల్ని సాయంత్రం నీ దగ్గరికి తెచ్చుకో," అంది. మెయిన్ రోడ్డుకి నడిచి మధ్యాహ్నం బస్సు ఎక్కింది. నలుగురూ చూస్తుండగానే ఎక్కింది.

తొమ్మిది రోజులు దొరికాయి ఆమెకి. ఆస్పత్రి పక్కనే ఒక గదిలో ఉండి పగలంతా అన్న దగ్గర కూర్చుంది. ఆపిల్ రొట్టె ఎక్కడో కొని తెస్తే ఒక ముక్క తిని, 'నీది కాదు' అన్నాడట. కారు సంగతి మాలకీకి మొదటి నుంచీ తెలుసట. నవంబరులో కూడలి దాటేటప్పుడే చప్పుడు విని పోల్చుకున్నాడు. 'నేను లేచాక ఏదో ఒక రోజు పొద్దున్నే తెచ్చి గ్యారేజీలో పెట్టమను. ఫిల్టరు ఊడదీసి కడిగి ఇచ్చేస్తా. ఒక్క మాట కూడా అనను, వాడితో ఒట్టేసి చెప్పు,' అన్నాడట. లేవలేదు. గురువారం తెల్లవారుజామున పోయాడు.

ఆ తొమ్మిది రోజులూ కోల్మన్ ఏం చేశాడంటారా? మూడుసార్లు నా గుమ్మానికొచ్చి అరిచాడు. ఉద్యోగం పీకిస్తానన్నాడు. పిల్లల్ని పంపమన్నాడు. పిల్లలు రామన్నారు. ఒక్కసారి కూడా స్లైగో వెళ్ళలేదు. పాపం అనుకుందామని చూశాను, నా వల్ల కాలేదు.

మాలకీ శవాన్ని కూడలికే తెచ్చారు. గ్యారేజీ వెనక గదిలో, పానాలు తగిలించిన గోడ కింద పెట్టె ఉంచారు. పెట్టె పక్కన ఊనా మూడు కుర్చీలు తనే తెచ్చి వేసింది, ఒకటి తనకి, రెండు పిల్లలకి. నాలుగో కుర్చీ వెయ్యమంటావా అని పొరుగాయన ఎవరో అడిగితే, "అక్కర్లేదు, మేం ముగ్గురమే," అంది. నేను టీ కెటిల్ పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను. రేడియోలో పొద్దున్నే చదివారు. చుట్టుపక్కల మూడు జిల్లాల నుంచి జనం వచ్చారు. బతికినన్నాళ్ళూ మాలకీ బాగుచేయకుండా వెనక్కి పంపిన కారు లేదు, అందుకని.

ఆరు దాటాక ఆ బూడిద కారు వచ్చి ఆగింది. మైలున్నర. ఇంజిను వేడెక్కే దూరం కూడా కాదు. కిటికీలోంచి చూస్తే నారింజ లైటు వెలుగుతూనే ఉంది. కోల్మన్ నల్ల టై కట్టుకుని దిగాడు. లోపలికొచ్చి మూడు కుర్చీలూ చూశాడు. ఒక్క క్షణం ఎటు వెళ్ళాలో తెలియనట్టు నిలబడ్డాడు. బంధువులు ఒకవైపు, వచ్చినవాళ్ళ వరస ఒకవైపు. జనం చూస్తున్నారు. ఆయన వెళ్ళి వరస చివర నిలబడ్డాడు.

వరస మెల్లగా కదిలింది. ఆయన ముందు ఎనిమిది మంది, ఐదుగురు, ఇద్దరు. ఈ మనిషికి ఇది అలవాటైన పనే. ఎక్కడ తల వంచాలో, ఎంతసేపు చెయ్యి పట్టుకోవాలో, ఆర్నెల్లుగా ముప్పై నలభై చావుల్లో బాగా నేర్చుకున్నాడు. పెద్ద పిల్ల ఎదుటికొచ్చి చెయ్యి చాపాడు, అది ఒడిలోకి చూసుకుంటూ చెయ్యిచ్చి తీసేసుకుంది. చిన్నది చెయ్యి ఇవ్వలేదు. తర్వాత ఊనా ఎదుటికొచ్చాడు.

నోరు తెరిచాడు. ఆయన గొంతులోంచి వచ్చింది ఆ మాటే, మా పిన్ని పెట్టె దగ్గర నాతో అన్నదే. ఇంకోటి ఆయనకు రాలేదు.

"నీకొచ్చిన కష్టానికి... బాధగా ఉంది."

ఊనా ఆయన చెయ్యి అందుకుంది. మిగతా అందరి చేతుల్లాగానే ఎంతసేపు పట్టుకోవాలో అంతసేపే పట్టుకుంది. కళ్ళెత్తి, ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు మర్యాదగా చూసింది.

"వచ్చినందుకు సంతోషమండీ," అంది. "చాలా దూరం నుంచి వచ్చారా?"

నా చేతిలో కెటిల్ ఒరిగి టీ నేలమీద పడుతోంది, నేను చూసుకోలేదు. ఆ ప్రశ్నకి కోల్మన్ దగ్గర ఎప్పుడూ ఒక జవాబు సిద్ధంగా ఉండేది.

"లేదు," అన్నాడు. "పక్కనే."

"అలాగా," అంది ఊనా, చెయ్యి వదిలేసి, ఆయన వెనకున్న మనిషి వైపు చెయ్యి చాపింది.